ఫాల్ సీజన్‌లో బోహో లుక్: కలంకారీకి ఉన్ని తోడైతేనే కుదురుతుంది

చెల్లీ, నీ ప్రశ్న మొత్తం చదివాను. కొత్తగా న్యూజెర్సీ వచ్చావు, సెప్టెంబరు చివరికొచ్చింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పొడవాటి కాటన్ స్కర్టులు, కలంకారీ కుర్తీలు, దుపట్టాలు, ఆక్సిడైజ్డ్ నగలు ఉన్నాయి. వదులు బట్టలు, అద్దకం ప్రింట్లు, చేతిపని నగలు కలిపి వేసుకునే బోహో స్టైల్ అంటే ఇష్టం. కానీ వేసుకుని అద్దంలో చూసుకుంటే అయితే కుర్తీ మీద జాకెట్ తొడుక్కున్నట్టుంది, కాదంటే హాలోవీన్ వేషంలా ఉంది అన్నావు. శుక్రవారాలు ఆఫీసుకి, ఒక రోజు యాపిల్ తోటకి, ఒక సాయంత్రం బతుకమ్మకి ఏం వేసుకోవాలని అడిగావు. కొత్తగా కొనేవి 150 డాలర్లు దాటకూడదన్నావు. బట్టల డిజైనింగే నా వృత్తి. ఇక్కడి చలికి తగ్గట్టు మనవాళ్లకి బట్టలు కుట్టి ఇవ్వడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు అసలు సంగతి. నీ దగ్గరున్న బట్టలన్నీ మంచివే, కానీ అన్నీ ఒకే బరువు. పల్చటి కాటన్ కుర్తీ, పల్చటి కాటన్ స్కర్టు, దాని మీద ఇంకా పల్చటి దుపట్టా. మన ఎండకి పుట్టిన బట్టలవి. వాటి మీద ఒక్కసారిగా ఉబ్బెత్తు పఫర్ జాకెట్ వేసేసరికి లోపలిది ఎండాకాలం, పైది మంచుకాలం అయిపోతుంది. మధ్యలో ఏమీ లేదు. ఫాల్‌లో, అంటే ఈ ఆకులు రాలే కాలంలో, బోహో అందమంతా ఆ మధ్య పొరలోనే ఉంటుంది: ఉన్ని అల్లిక స్వెటరు, కార్డురాయ్ (నిలువు గాళ్లున్న మందపాటి నూలుబట్ట), స్వేడ్ (నూగులాంటి మెత్తటి తోలు), మందపాటి డెనిమ్, వెల్వెట్. చేత్తో తాకితే గరుకుగానో మెత్తగానో తగిలే బట్టలు. పూసలు, కుచ్చులు, ఈకలు ఎన్ని తగిలించినా ఆ పొర లేకపోతే లుక్ రాదు. అది ఉంటే నగలు అసలు లేకపోయినా వస్తుంది.

ఇంకో భయం కూడా నీ ప్రశ్నలో కనిపించింది. కలంకారీ వేసుకుంటే ఆఫీసులో "ఎత్నిక్ డే" అనుకుంటారేమో అన్నావు. ఆ టెన్షన్ అక్కర్లేదు. 1960లు, 70లలో ఇస్తాంబుల్, కాబూల్ మీదుగా రోడ్డు మార్గంలో మన దేశానికి వచ్చిన పాశ్చాత్య కుర్రకారు మన బ్లాక్ ప్రింట్ స్కర్టులు, అద్దాల పని చేసిన వెయిస్ట్‌కోట్లు, దారిలో అఫ్గాన్ గొర్రెతోలు కోట్లు తీసుకెళ్లారు. ఇవాళ షాపుల్లో బోహో పేరుతో అమ్మే దుస్తుల్లో చాలా భాగం వాళ్ల పెట్టెల్లో నుంచి వచ్చిందే. అంతకు ముందు సంగతి ఇంకా పెద్దది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం చుట్టుపక్కల అద్దిన పువ్వుల నూలుబట్ట యూరప్‌ను ఎంత ఊపేసిందంటే, తమ నేతగాళ్ల బతుకు పోతోందని ఫ్రాన్సు 1686లో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం ఎత్తేసింది 1759లో. ఇంగ్లండు 1721లో అద్దకం నూలుబట్టలు కట్టుకోవడాన్నే చట్టం పెట్టి ఆపింది, 1774లో గానీ ఎత్తేయలేదు. నువ్వు పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్న బట్ట ఆ బట్టకి వారసురాలు. న్యూజెర్సీ ఆఫీసులో అది పరాయిదేం కాదు, ధైర్యంగా వేసుకో.

రంగుల విషయంలో నీకు అదృష్టం కలిసొచ్చింది. ఫాల్ రంగులు అని ఇక్కడ పత్రికలు రాసే ఇటుక ఎరుపు, ఆవపిండి పసుపు, ముదురు నీలం, బొగ్గు నలుపు, అచ్చంగా కలంకారీ రంగులే. ఎరుపు పటిక, మంజిష్ఠ వేళ్ల నుంచి వస్తుంది. పసుపు కరక్కాయ పువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి. నలుపు కోసం బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము వేసి రోజుల తరబడి పులియబెడతారు, దాన్నే కసీం అంటారు. అది కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లబడుతుంది. ఈ రంగులు ఏవీ కళ్లలో గుచ్చుకోవు. అందుకే ఒకదాని పక్కన ఒకటి పెట్టినా తగువు పడవు, పక్కన బ్రౌన్ స్వేడ్ వచ్చినా, ముదురాకుపచ్చ కార్డురాయ్ వచ్చినా కలిసిపోతాయి. నీ బట్టల్లో నియాన్ పింకు, రాణీ రంగు, మెరిసే జరీ ఉన్నవి పక్కన పెట్టు. అవి దీపావళికి.

అయితే నీ కుర్తీలన్నీ నిజంగా కలంకారీయేనా చూసుకో. కిటికీ దగ్గర వెలుతురులో బట్టని తిరగేసి చూడు. అద్దకం బట్టలో రంగు వెనక్కి కూడా దిగుతుంది. పెడన, మచిలీపట్నం అచ్చు అయితే ఒక అచ్చు, పక్క అచ్చు కలిసే చోట గీత వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంటుంది, నలుపు గీత దాటి ఎరుపు కాస్త బయటికొచ్చి ఉంటుంది. శ్రీకాళహస్తి కలం పని అయితే గీత మందం మధ్య మధ్యలో మారుతుంది, బట్టకి కరక్కాయ, గేదెపాల వాసన లీలగా ఉంటుంది. స్క్రీన్ ప్రింటులో అన్ని పువ్వులూ ఒకేలా, వెనక తెల్లగా ఉంటాయి. అనుమానమొస్తే లోపలి కుట్టు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడు. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. పాలియెస్టర్ అయితే ఉన్ని పక్కన వెలవెలబోతుంది, పైగా ఇక్కడి పొడి గాలికి ఒంటికి అంటుకుపోతుంది.

ఇప్పుడు పొరలు. అక్టోబరులో న్యూజెర్సీలో పగలు సుమారు 65 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే తెల్లవారుజామున 45 దాకా దిగుతుంది. ఒకే రోజులో రెండు కాలాలన్నమాట. కాబట్టి విప్పుకోవడానికి వీలుగా మూడు పొరలు ఉండాలి. ఒంటిని అంటుకునే మొదటి పొర కనపడకూడదు లేదా కేవలం మెడ దగ్గర కనపడాలి. క్రీమ్ లేదా నలుపు రంగు పల్చటి టర్టిల్‌నెక్ (మెడని కప్పే బనియను), యునిక్లో కంపెనీ అమ్మే హీట్‌టెక్ లాంటి వెచ్చటి లోపలి బట్ట ఏదైనా సరిపోతుంది. దాని మీద నీ కలంకారీ. ఆ పైన మధ్య పొర. ఈ మధ్య పొర సాదాగా, ఒకే రంగులో ఉండాలి. జడల్లా మెలికలు తిరిగే మందపాటి కేబుల్ అల్లిక కార్డిగన్ (ముందు తెరుచుకునే స్వెటరు) కావచ్చు, నడుము దగ్గర ఆగే డెనిమ్ జాకెట్ కావచ్చు, స్వేడ్ వెయిస్ట్‌కోటు కావచ్చు.

ఒక డ్రెస్సులో ప్రధానమైన బట్ట ఒక్కటే ఉండాలి అన్నది నా గట్టి అభిప్రాయం. స్కర్టు కలంకారీ అయితే పైన సాదా స్వెటరు. జాకెట్ మీద ఎంబ్రాయిడరీ ఉంటే కింద సాదా స్కర్టు. రెండు ప్రింట్లు కలపాలని మనసైతే ఒకటి పెద్ద పువ్వులది, ఇంకొకటి చిన్న బుటాది తీసుకో, రెండింట్లో ఒక్క రంగైనా ఉమ్మడిగా ఉండేలా చూడు. మూడో ప్రింటు జోలికి వెళ్లకు. హాలోవీన్ వేషంలా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే: స్కర్టు, కుర్తీ, స్కార్ఫు, బ్యాగు, గాజులు అన్నీ ఒకేసారి కళ్లకి ఎదురొస్తున్నాయి.

మన ఎత్తు సంగతి కూడా ఆలోచించాలి. బోహో ఫొటోల్లో మోడళ్లు పొడగరులు. ఐదడుగుల రెండంగుళాల అమ్మాయి నేలను తాకే స్కర్టు, మోకాళ్ల దాకా కార్డిగన్, పైన పెద్ద శాలువా వేస్తే మనిషి కనపడదు. వదులు ఒక చోటే ఉంచు. స్కర్టు కుచ్చులతో ఉంటే పైది ఒంటికి దగ్గరగా, నడుము దగ్గర ఆగేలా ఉండాలి. పైన వదులు పోంచో అయితే కింద ఒంటికి పట్టిన జీన్సు. పొడవాటి కార్డిగనే వెయ్యాలనుకుంటే దాని మీద నుంచి వెడల్పాటి తోలు బెల్టు పెట్టు, నడుము తెలుస్తుంది.

నీ స్కర్టుల పొడవు పిక్క మధ్యకి కుట్టించుకో. ఇక్కడ ఆకులు రాలాక నేలంతా తడిగా, జారుడుగా ఉంటుంది. నేలను ఊడ్చే అంచు ఒక్క రోజులో బురదైపోతుంది. స్కర్టు అంచు, బూటు పైభాగం మధ్య లెక్క సరిగ్గా కుదరాలి. అంచు బూటుని రెండంగుళాలైనా కప్పాలి, లేదా మధ్యలో అరచేతి వెడల్పున టైట్స్ (కాళ్లకి అంటుకునే పొడవాటి మేజోళ్లు) స్పష్టంగా కనపడాలి. అంగుళం సందు కనిపిస్తే కాళ్లు ముక్కలైనట్టుంటుంది. టైట్స్ అక్టోబరులో 40 డెనియర్ (మందాన్ని చెప్పే లెక్క, అంకె పెరిగితే మందం పెరుగుతుంది) చాలు, నవంబరులో 80 పైన తీసుకో. నలుపు కంటే ముదురు బ్రౌన్ గానీ, వైన్ రంగు గానీ కలంకారీకి బాగా నప్పుతాయి.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. చీర లంగా తెచ్చుకున్నావా? నూలుది? పొడవాటి స్కర్టు లోపల దాన్ని కట్టు. ఇక్కడ హీటర్లు వేశాక గాలి పూర్తిగా పొడిబారి, స్కర్టు నైలాన్ టైట్స్‌కి అతుక్కుని నడుస్తుంటే కాళ్ల మధ్యకి చుట్టుకుంటుంది. మధ్యలో నూలు లంగా ఉంటే ఆ బాధ చాలా తగ్గుతుంది. పైగా వెచ్చదనం, స్కర్టుకి నిండుదనం. లంగా స్కర్టు కంటే రెండంగుళాలు పొట్టిగా ఉండేలా మడిచి కుట్టు, బొందు ముడి పక్కకి వేసుకో, ముందు ఉబ్బుగా కనపడకుండా.

శుక్రవారం ఆఫీసుకి నేనైతే ఇలా వేస్తాను: క్రీమ్ టర్టిల్‌నెక్, పిక్క మధ్య దాకా కలంకారీ స్కర్టు, దాని రంగుల్లో ఒకటైన ఇటుక ఎరుపు లేదా ఆవపిండి పసుపు కార్డిగన్, బ్రౌన్ చీలమండ బూట్లు. చెవులకి చిన్న వెండి లోలాకులు, అంతే. కుర్తీ వేయాలంటే దాన్ని కుర్తీలా వెయ్యకు. ముందు భాగం గుండీలు తెరుచుకునేదైతే జాకెట్ లాగా తెరిచి, లోపల టర్టిల్‌నెక్, నిటారు జీన్సుతో వేసుకో. మంగళగిరి నూలు కుర్తీ ఏదైనా ఉంటే, ఆ బట్ట కాస్త బిర్రుగా నిలుస్తుంది కాబట్టి స్వెటర్ కింద చొక్కాలా వేసి కాలరు, అంచు మాత్రం బయటికి కనపడనివ్వు.

యాపిల్ తోటకి స్కర్టు వద్దంటాను. ఉదయం గడ్డి తడిగా ఉంటుంది, నిచ్చెన ఎక్కాల్సి రావచ్చు. పైగా ఈ రాష్ట్రంలో గడ్డిలో, రాలిన ఆకుల్లో పిడుదులు ఉంటాయి, ఇక్కడ టిక్స్ అంటారు. లైమ్ జబ్బు వాటి నుంచే వస్తుంది. చలి మొదలైనా అవి తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు పూర్తిగా కప్పి ఉండాలి, ఇంటికి రాగానే ఒకసారి ఒళ్లు చూసుకోవాలి. జీన్సు, ఎత్తు బూట్లు, గళ్ల ఫ్లానెల్ చొక్కా, దాని మీద స్వేడ్ లేదా కార్డురాయ్ వెయిస్ట్‌కోటు. బోహోతనం మెడలో స్కార్ఫుతో తెచ్చుకో. ఈ చోట తేలియా రుమాలుకి సాటి రాగలది ఇంకోటి నాకు తెలియదు. తెలంగాణలోని పుట్టపాకలో నేస్తారు, 2020లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చట్టం ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. పోగుల్ని నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి రంగు వేస్తారు కాబట్టి బట్టకి ఒక జిడ్డు నునుపు, కొత్తలో ఆ నూనె వాసన ఉంటాయి. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లలో చతురస్రంగా ఉండే ఆ రుమాళ్లు ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకి తలగుడ్డలుగా వెళ్లేవి. త్రికోణంగా మడిచి, కొన ముందుకి వచ్చేలా మెడకి చుట్టి, రెండు చెంగులూ వెనక ముడి వేసి మళ్లీ ముందుకి తెచ్చుకో. అసలైన రుమాలు ఖరీదే. ఇంట్లో అమ్మకో పెద్దమ్మకో పాతది ఉంటే అడిగి తెప్పించుకో.

బతుకమ్మకి పట్టుచీర కట్టుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు. నీకు బోహో కావాలంటే పోచంపల్లి ఇకత్ నూలు చీర తీసుకో, బ్లౌజు బదులు ఒంటికి పట్టిన ఉన్ని టర్టిల్‌నెక్ వెయ్యి. లంగా కింద థర్మల్ లెగ్గింగ్, కాళ్లకి బూట్లు. చీర అంచు బూటు మీద పడేలా కొంచెం ఎత్తి కట్టు, లేకపోతే వలయంలో తిరిగేటప్పుడు మడమ కింద పడుతుంది. పమిట పిన్ను పెట్టి, నడుముకి సన్నటి వెండి వడ్డాణం గానీ తోలు బెల్టు గానీ పెడితే చేతులు ఖాళీగా ఉంటాయి, చప్పట్లకి అడ్డం రాదు. బహిరంగ మైదానంలో అయితే సాయంత్రం ఆరు దాటాక చలి ఎముకల్లోకి దిగుతుంది. పైన కప్పుకోవడానికి మందపాటి శాలువా తప్పదు.

ఆ శాలువా దగ్గర గొంగడి గురించి చెప్పాలి. మన తెలంగాణ కురుమలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసేది. ఉన్ని పోగుకి చింతగింజల గంజి పట్టిస్తారు, అందుకే కొత్త గొంగడి బిర్రుగా ఉంటుంది. గరుకే, ఒట్టి ఒంటికి గుచ్చుకుంటుంది, కానీ జల్లుని ఆపుతుంది. వానలో గొర్రెలు కాసేవాళ్లు కప్పుకునేది అదే కదా. మెడ దగ్గర మెత్తటి నూలు గుడ్డ వెడల్పుగా కుట్టి, ఒక భుజం మీద వేసి బెల్టు పెట్టి చూడు. ఇక్కడ డిజైనర్ షాపుల్లో వందల డాలర్లు పెట్టి కొనే పోంచోలకి ఏమీ తీసిపోదు. ఇంటి నుంచి ఎవరైనా వస్తుంటే ఒకటి తెమ్మను. బరువెక్కువ, లగేజీ లెక్క చూసుకోమను.

ముఖ్యంగా కొనేవి మూడే: కార్డిగన్, బూట్లు, వెయిస్ట్‌కోటు లేదా పొట్టి జాకెట్. కార్డిగన్, జాకెట్ థ్రిఫ్ట్ స్టోర్లలోనే, అంటే వాడిన బట్టలు చవగ్గా అమ్మే షాపుల్లోనే వెతుకు. ఆడవాళ్ల సెక్షన్ కంటే మగవాళ్ల స్వెటర్ల వరసలో మంచి ఉన్ని దొరుకుతుంది. పక్కకుట్టు లోపల చీటీ చదువు, నూటికి నూరు ఉన్ని అని ఉందా లేక అక్రిలిక్ కలిసిందా చూడు. అక్రిలిక్‌కి త్వరగా ఉండలు కడతాయి. స్వెటర్‌ని వెలుతురుకి అడ్డం పట్టుకుని చిమ్మట కొరికిన చిల్లులు ఉన్నాయేమో వెతుకు, చంక, మోచేయి ముఖ్యం. జాగ్రత్తగా ఏరుకుంటే ఆ రెండూ 50, 60 డాలర్లలో అయిపోతాయి. మిగతా డబ్బు మొత్తం బూట్ల మీద పెట్టు, వాటిలో మాత్రం రాజీ పడకు. స్వేడ్ బూట్లు కొంటే మొదటి రోజే వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొట్టు. వాన ఎక్కువ పడే వారాల్లో సాదా తోలు బూట్లే నయం.

నగల్లో మెడకో, చెవులకో, ఒక చోటే పెద్దవి. టర్టిల్‌నెక్ మీద పొడవాటి వెండి గొలుసు బాగుంటుంది. కొక్కెం జుంకాలు మాత్రం ఉన్ని స్కార్ఫుతో కలిపి వెయ్యకు. తల తిప్పినప్పుడల్లా పోగు పట్టుకు లాగుతుంది, స్కార్ఫు పాడవుతుంది, చెవీ నొప్పెడుతుంది. స్కార్ఫు రోజు దిద్దులు పెట్టుకో.

కొనేటప్పుడు ఒక విషయం మనసులో పెట్టుకోమని అడుగుతున్నా. గవ్వలు, అద్దాలు, నాణేలు కుట్టిన లంబాడీ పని బోహోలో ఎప్పుడూ కనిపిస్తుంది. అది తండాల్లో ఆడవాళ్ల చేతిపని. మెషీన్ మీద నకలు తీసి పాలియెస్టర్ మీద కుట్టిన జాకెట్ కొనేకంటే, వాళ్లు చేసిన చిన్న పట్టీ ఒకటి కొని సాదా డెనిమ్ జాకెట్ వీపు మీద కుట్టించుకో. ఖర్చూ తక్కువ, డబ్బూ వాళ్లకే చేరుతుంది. అలాగే ఇక్కడి ఆదివాసీల ఈకల కిరీటం లాంటివి బోహో అలంకారంగా అమ్ముతుంటారు. అవి వాళ్లకి పవిత్రమైన, గౌరవంతో సంపాదించుకునే చిహ్నాలు. ఫొటో కోసం కూడా పెట్టుకోవద్దు.

ఉతకడం గురించి చెప్పి ఆపుతా. కలంకారీని ఇక్కడి డ్రయ్యర్‌లో వెయ్యకు. చేనేత నూలు ఆ వేడికి కురచబడుతుంది, పిక్క మధ్యకి కుట్టించిన స్కర్టు మోకాలి దగ్గరికొస్తుంది. చల్లటి నీళ్లలో, విడిగా, మెత్తటి సబ్బుతో ఉతికి స్నానాల గదిలో రాడ్డు మీద ఆరేయి. స్కర్టు పొడవు తగ్గించే ముందే ఒకసారి తడిపి ఆరబెట్టి, ఆ తర్వాత కొలత తీయించు. నీలిమందు బట్ట కొత్తలో రాపిడికి రంగు వదులుతుంది, లేతరంగు స్వేడ్ బ్యాగు భుజాన వేసుకున్నావంటే బ్యాగు పక్క నీలంగా మారుతుంది. ముదురు బ్యాగు వాడు. ఉన్ని కార్డిగన్‌ని హ్యాంగర్‌కి తగిలించకు, భుజాలు సాగుతాయి, మడిచి పెట్టు.

నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిరుగుతుంది. ఆ సోమవారం నుంచి నువ్వు ఆఫీసు వదిలేసరికి చీకటి, చలి. అప్పటికి ఈ మూడు పొరల మీద పిక్కల దాకా వచ్చే ఉన్ని కోటు ఒకటి కావాలి. ఒంటె రంగుదో ముదురు బ్రౌనో, ఏ అలంకారమూ లేనిది చూడు. అక్టోబరు మధ్య నుంచే థ్రిఫ్ట్ స్టోర్లలో కన్నేసి ఉంచు. చలి ముదిరాక మంచివి మిగలవు. కోటు భుజాలు లోపల కార్డిగన్ వేసుకునే కొలిచి చూసుకో.